చెప్పినోడు యాడ?

పొద్దున కాఫీ తాగి పేపరు మడత విప్పబోతుంటే చెంగల్రాయుడు వచ్చి మా వాకిట్లో నిలబడ్డాడు. చెప్పులు వీధిలోనే వదిలేశాడు. లోపలికి రమ్మంటే తల అడ్డంగా ఊపాడు.

"అన్నా, అయ్య పోయినారు. తిరుత్తణిలో. తెల్లారతా ఉండంగా పానం పోయిందంట. వస్తావా, బండికి పోదాం?"

ఏ అయ్య అని నేను అడగలేదు. మా ఇద్దరికీ అయ్య అంటే ఒక్కరే. ఆఫీసుకు లీవు చెప్పి పంపించి, చొక్కా తగిలించుకుని, తిరువళ్లూరు స్టేషనుకు అతని వెనకే నడిచాను.

నిజం చెప్పాలంటే ఆ ఉదయం నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. పోయినాయన మీదనే కోపం. ఎన్నో ఏళ్లుగా ఆయనతో నాకు తెగని తగాదా ఒకటి ఉండిపోయింది. అది తేల్చకుండానే హాయిగా వెళ్లిపోయారే అనిపించింది. రైలు కిటికీ పక్కన కూర్చున్నంతసేపూ మనసులో ఆయనతో పోట్లాడుతూనే ఉన్నాను.

డెబ్బైల చివర్లో నేను తిరువళ్లూరులో చెరువుల పని చూసే ఇంజినీర్ల ఆఫీసులో గుమాస్తాని. మాది అంగడి కుటుంబం. కొట్లో కూర్చుంటే రోజూ తలనొప్పి, గవర్నమెంటు పనైతే ఫ్యాను కింద హాయిగా ఉండొచ్చని మా నాయన నన్ను అక్కడ చేర్పించాడు. ఆ ఆఫీసుకు పెద్ద ఈయన, ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు. పాండూరు పక్క సేద్యం చేసే ఇంటివారు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో అరవం, మరీ ఒళ్లు మండితే ఇంగ్లీషు. చెంగల్రాయుడు ఆయన కింద ఒక చెరువు దగ్గర లస్కరు. తూము ఎత్తడం, దించడం, కట్ట మీద తిరుగుతూ ఎలక బొరియలూ పీత బొరియలూ చూసి పూడ్పించడం అతని పని. మా ముగ్గురిలో చివరికి ఉద్యోగం మిగిలింది నా ఒక్కడికే.

ఆయన పేరు రాయను. రాస్తే ఆయనకే నచ్చదు. ఆఫీసు గది తలుపుకు పేరు పలక కొట్టించబోతే వద్దని పీకించారు. "నా పేరు చూసి ఎవురూ రారప్పా, నీళ్లు కావాలని వస్తారు. ఇంజినీరు అని రాస్తే చాలు," అన్నారు.

పొడుగు మనిషి. ఇస్త్రీ చేసిన చొక్కాయే వేసుకునేవారు గానీ, పొద్దున పది గంటలకల్లా దాని కుడి జేబు ఉబ్బి వేలాడేది. కారణం చెనిక్కాయలు. జీపులో ఉడకబెట్టిన చెనిక్కాయల పొట్లం లేనిదే ఆయన ఊళ్లు తిరిగేవారు కాదు. కాయ ఒలిచి గింజలు నోట్లో వేసుకుని తొక్కలు జేబులో పెట్టుకునేవారు. జీపు బయట పారేయొచ్చు కద సార్ అని డ్రైవరు ఒకసారి అంటే, "తిన్నోణ్ని నేను, ఊడ్చేది ఇంకొకరా?" అన్నారు. ఆ చొక్కాలు ఉతకలేక వాళ్లింటామె తల పట్టుకునేది. మొగుడు గవర్నమెంటుకు ఎంత నిజాయితీగా ఉంటే ఏం, ఇంట్లో తొట్టి నిండా చెనిక్కాయ తొక్కలే అని మా ఇంటికి వచ్చినప్పుడు వాపోయేది.

మాట్లాడే ముందు కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకునేవారు. చిన్న మాటకు చిన్న తుడుపు, పెద్ద మాటకు పెద్ద తుడుపు. ఆయన అద్దాలు తీశారంటే ఆఫీసులో ఎవరికో ఒకరికి మూడిందన్నమాటే. ఫోను దగ్గర మాత్రం ఈ నిదానం ఉండేది కాదు. మద్రాసుకు ట్రంకాలు వేస్తే ఆయన అరుపుకు వీధిలో పోయే సైకిళ్లు ఆగేవి. పైగా లైను సరిగా ఉండదని అవతలివాళ్లు అన్న ప్రతి మాటనూ తిరిగి గట్టిగా అనేవారు. మద్రాసులో పెద్దవాళ్లు ఆయనతో ఏ రహస్యం చెప్పినా మా వరండాలో బీడీ కాల్చుకుంటున్న బిల్లబంట్రోతుకు కూడా తెలిసిపోయేది.

ఇక ఆయన మాట. ఆ మాట వల్లనే మా ఆఫీసంతా ఆయనంటే హడలిపోయేది. ఒక కాలువ మీద కట్టిన చిన్న కల్వర్టు కొత్తల్లోనే కుంగిపోయింది. ఓవర్సీరు, అసిస్టెంటు ఇంజినీరు కలిసి ముసలి మేస్త్రీ ఒకణ్ని పట్టుకొచ్చి ఆయన ముందు నిలబెట్టారు. మేస్త్రీ తువ్వాలు చంకలో పెట్టుకుని దండం పెట్టాడు. ఆయన కుర్చీలోంచి లేచారు. ఎవరినైనా గద్దించేటప్పుడు ఆయన కుర్చీలో కూర్చునేవారు కాదు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి మేస్త్రీ పక్కన, మేస్త్రీ నిలబడ్డట్టే మా వైపు తిరిగి నిలబడ్డారు. అద్దాలు తుడుచుకున్నారు.

"చేసినోడు వచ్చినాడు, సరే. చెప్పినోడు యాడ?"

ఓవర్సీరు కాంట్రాక్టరు పేరు చెప్పాడు. కాంట్రాక్టరుకు ఎవరు చెప్పారు అన్నారు. ఓవర్సీరు అసిస్టెంటు ఇంజినీరు వైపు చూశాడు. అసిస్టెంటు ఇంజినీరు నేల చూశాడు. తప్పదన్నట్టు, "ప్లాను మీరే శాంక్షన్ చేసినారు సార్," అన్నాడు. అతని పని అయిపోయిందనుకున్నాము మేమంతా. ఆయన మొహం మాత్రం వెలిగిపోయింది. పోయిన వస్తువు దొరికినట్టు, "ఆమా! నేనే!" అన్నారు. "పునాదికి అక్కడ లోతు చాల్లేదు. నేను చూడాల్సింది. ఇంక ఈ ముసలాయన్ని ఇంటికి పంపించండి." ఆ కల్వర్టు మళ్లీ కట్టినన్నాళ్లూ ఎండలో అక్కడే నిలబడ్డారు.

మంచి ఆఫీసరు కదా అంటారు. చదివేవాళ్లకు మంచివారే. ఆయన కింద పనిచేస్తే తెలిసేది. మేము పంపిన ప్రతి ఫైలూ ఎవరు చెప్పారు అని పెన్సిలు రాతతో తిరిగొచ్చేది. ఎవరు చెప్పారంటే ఏం చెప్తాం? ఆఫీసుల్లో పని జరిగే పద్ధతే వేరు. పైవాడు నోటితో చెప్తాడు, కిందివాడు చేతితో చేస్తాడు. పని బాగుంటే పైవాడికి దండ పడుతుంది. చెడితే పైవాడి నోటికి ఏమీ గుర్తుండదు, కిందివాడి చేతికి మాత్రం బురద అంటుకుని ఉంటుంది. ఈ సంగతి మా బిల్లబంట్రోతుకు కూడా తెలుసు. అంత పెద్ద చదువు చదివిన ఆయన ఒప్పుకోరు. నాకు తల ప్రాణం తోకకు వచ్చేది.

ఇంత పట్టుదల మనిషి ఒకేఒక్కసారి తానే నోటితో చెప్పారు.

చెంగల్రాయుడు లస్కరుగా ఉన్న ఆ చెరువు పేరు కూడా చెప్పను. ఆ ఊరివాళ్ల కడుపు మంట ఇంకా చల్లారలేదు. చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోవడానికి కట్టకు ఒక పక్కన రాతి గట్టు ఉంటుంది, మొరవ అంటాం. దాని మీద వరసగా నిలువు రాళ్లు నాటి ఉంటాయి. రాయికీ రాయికీ మధ్య సందు. తై నెలలో, అంటే సంక్రాంతి దాటి, వానలు పూర్తిగా వెనకబట్టాక రైతులు ఆ సందుల్లో గడ్డిదుబ్బులూ బంకమన్నూ కూరి పూడ్చేస్తారు. దాంతో చెరువులో మూరెడు నీళ్లు ఎక్కువ నిలుస్తాయి, రెండో పంట గట్టెక్కుతుంది. తాతల కాలం నుంచీ ఉన్న పనే. వానలు పోకముందు మాత్రం పూడ్చకూడదు. పూడ్చాక పెద్ద వాన వస్తే పొర్లడానికి దారిలేక నీళ్లు కట్ట మీదికి ఎక్కుతాయి.

ఆయన అట్లా చెప్పిన ఏటికి ముందు వరసగా కరువు. ఆ ఏడు ఐప్పసి నెలలోనే, దీపావళి వానలకే, దంచి కొట్టింది, చెరువు నిండింది. కార్తీకం వచ్చేసరికి ఆకాశం కడిగిన పళ్లెంలా అయింది. ఊరి రైతులందరూ ఆఫీసుకు వచ్చారు. ఇంక వాన రాదు, సందులు పూడ్చుకోనివ్వమని వాళ్ల మొర. ఇప్పుడు మొరవ మీద పోయే నీళ్లన్నీ సముద్రం పాలేనని ఒకాయన ఏడ్చాడట. చెంగల్రాయుడు కూడా వాళ్లతో వచ్చి వరండాలో నిలబడ్డాడు. నేను ఆ రోజు బిల్లులు పట్టుకుని ట్రెజరీకి పోయి ఉన్నాను. తిరిగొచ్చేసరికి ఆయన ఒప్పేసుకున్నారు, వాళ్లు దండాలు పెట్టి వెళ్లిపోయారు.

ఆ తర్వాతి సంగతి చెంగల్రాయుడు చెప్పగా విన్నాను. ఆయన చెరువు కట్ట మీదికి వచ్చినప్పుడు ఇతను అడిగాడట.

"అయ్యా, ఆర్డరు పేపరేదన్నా ఇస్తారా? వానలు పోకనే పూడ్చినావని నన్నడిగితే?"

"నేను చెప్తా ఉండా కదప్పా. నాకన్నా పేపరు పెద్దదా?"

నవ్వుతూ భుజం తట్టి, ఇంత చెనిక్కాయలు చేతిలో పోసి పోయారట. సేద్యగాడి ఇంట పుట్టినవారు, ఎండిన చేను చూస్తే కరిగిపోతారు. కరిగితే కరిగారు, ఒక చీటీ ముక్క రాసిస్తే ఏం పోయేది? అదే నేను ఆయన్ను ఎన్నిసార్లు మనసులో అడిగానో.

పూడ్చిన మట్టి ఆరి గట్టిపడగానే సముద్రం మీద గాలివాన లేచింది. మొరవ నీళ్లలో మునిగిపోయింది. పూడ్చిన సందులు లాగేద్దామంటే బంకమన్ను రాయిలా బిగుసుకుంది. చెంగల్రాయుడు నడుముకు తాడు కట్టుకుని దిగాడు. కొన్ని దుబ్బులు పీకాడు గానీ ప్రవాహం అతన్ని రాళ్లకేసి కొట్టింది, పైకి లాగేశారు. ఆయన కట్ట మీద చెప్పుల్లేకుండా, గొడుగు ఎవరికో ఇచ్చేసి, తడిసి ముద్దయి నిలబడ్డారు. మిట్టమధ్యాహ్నం తూము పక్కన కట్ట తెగింది. పైరంతా పోయింది. దిగువన గుడిసెలు పోయాయి. మేకల్ని విప్పడానికి వెనక్కి పరుగెత్తిన ఒక ముసలామె దొరకలేదు. నీళ్లు తీశాక ఇసకలో దొరికింది.

ముసలామెను పూడ్చి వచ్చిన బురద కాళ్లతోనే ఆయన ఆఫీసుకు వచ్చి రాజీనామా రాశారు. సందులు పూడ్చమన్నది నేను, లస్కరు నా మాట విన్నాడు, తప్పు నాది, ఉద్యోగం వదులుకుంటున్నాను. ఇంతే. నా చేతికిచ్చి పంపించమన్నారు.

"సార్, మీరు పోతే చెంగల్రాయుణ్ని ఎవురు చూసుకుంటారు?" అన్నాను.

"నేను పోతేనేనయ్యా వాడు మిగిలేది. తప్పు నాదని ఒప్పుకోని దిగిపోతా ఉంటే ఇంకొకణ్ని ఎట్ల పట్టుకుంటారు?"

గవర్నమెంటును అంత బాగా నమ్మిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

మద్రాసు నుంచి ఎస్.ఈ. కారులో వచ్చాడు. ఎస్.ఈ. అంటే సూపరింటెండింగ్ ఇంజినీరు, ఈయనకు పైవాడు. ఈ ఒక్కడికి గారు తగిలించడానికి నా కలం ఒప్పుకోదు. గది తలుపు తీసే ఉంది. చల్లగా, ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు అరవంలో నచ్చజెప్పాడు. ఇంత రామాయణం ఎందుకు, ఒంట్లో బాగాలేదని రెండు ముక్కలు రాసి ముందుగా రిటైరవ్వు, పెన్షను కూడా వచ్చేట్టు నేను చూస్తా అన్నాడు. ఈయన అద్దాలు తుడుచుకుని, "ఒంట్లో బాగానే ఉంది సార్. తప్పు చేసి దిగేవానికి పెన్షను ఎందుకు?" అన్నారు. ఎస్.ఈ. ఆ కాగితం మడిచి తోలుపెట్టెలో పెట్టుకుని, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

మా శాఖలో ఒక ఫ్యాను మార్చాలంటే ఏళ్లు పట్టేది. ఈ రాజీనామా ఆమోదం మాత్రం కట్ట గండి పూడ్చకముందే వచ్చేసింది. సొంత కారణాల వల్ల చేసిన రాజీనామాను అంగీకరించడమైనది అని ఉంది. ఆ వెనకే చెంగల్రాయుడి సస్పెన్షను వచ్చింది. పై అధికారుల ఆర్డరు లేకుండా అకాలంలో మొరవ సందులు పూడ్చి కట్ట తెగడానికి కారణమయ్యాడని అతని మీద అభియోగం.

అప్పుడు అర్థమైంది మాకు. ఈయన ఉద్యోగంలో ఉండి ఉంటే చార్జి షీటు ఈయన మీద వేయాలి. ఈయన మీద వేస్తే ఈయన పైన ఎవరు అని అడగాలి. దిగిపోయారు గనక ఎవరినీ అడగక్కర్లేదు. తప్పు ఒప్పుకుని దిగితే అందరి నోళ్లూ మూతపడతాయని ఆయన అనుకున్నారు. నిజంగానే మూతపడ్డాయి, ఎస్.ఈ.కి కావలసింది అదే.

ఆ కబురు విని ఆయన ఇల్లు ఖాళీ చేసే పని మధ్యలో వదిలేసి చెంగల్రాయుడి ఊరికి పోయారు. నేనూ వెంట ఉన్నాను. చెంగల్రాయుడు ఆయనకు మంచం వాల్చలేదు. అంత మెత్తని మనిషి, ముఖం మీదనే అనేశాడు.

"మీరు దిగిపోతే నేను నిలుస్తానంటిరే అయ్యా. ఇప్పుడు ఇద్దరమూ కిందనే ఉండాం. పైన ఉండేవాళ్లు పైననే ఉండారు."

ఆయన తల వంచుకుని నిలబడ్డారు. ఆ రోజు అద్దాలు తుడుచుకోలేదు.

అక్కణ్నుంచి మొదలు, మద్రాసులో విచారణ ఉన్నప్పుడల్లా, కాపురం మార్చిన తిరుత్తణిలో ఆయన బండెక్కేవారు, తిరువళ్లూరులో చెంగల్రాయుడు అదే పెట్టెలో ఎక్కేవాడు. మొదట్లో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేవాళ్లు కాదట. పోనుపోను చెనిక్కాయల పొట్లం మధ్యలో పెట్టుకున్నారట. ఒకసారి ఆఫీసు పని మీద మద్రాసు పోయినప్పుడు నేనూ ఆ విచారణ ఆఫీసు వరండాలో ఉన్నాను. ఆయన విచారణ గదిలోకి పోయి చెంగల్రాయుడి పక్కన, ఆనాడు మేస్త్రీ పక్కన నిలబడ్డట్టే నిలబడ్డారు.

"మీరెవరు?" అన్నాడు విచారణాధికారి.

"ఈయనకు చెప్పినోణ్ని సార్. అప్పుడు ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుని."

"ఇప్పుడు?"

"ఇప్పుడేమీ కాను."

"అయితే బయట కూర్చోండి."

ఆయన కూర్చోలేదు. గది బయట గోడకు ఆనుకుని సాయంత్రందాకా నిలబడ్డారు. ఆయన కింద పనిచేసి పైకొచ్చినవాళ్లే అటూ ఇటూ పోతూ, ఆయన కనబడనట్టు చేతిలో ఫైళ్లు చూసుకుంటూ పోయారు. నాకు ఒళ్లు మండిపోయింది. అరిచేద్దామనిపించింది. ఆయన మాత్రం, "టీ తాగినావా?" అని అడిగారు నన్ను.

తిరగ్గా తిరగ్గా ఒకసారి ఆయన చెప్పింది రాసుకున్నారు. రాసుకుని, నోటి ఆర్డరుకు రుజువు లేదు, సాక్షి ఇప్పుడు శాఖకు చెందినవాడు కాడు అని తేల్చి చెంగల్రాయుణ్ని డిస్మిస్ చేశారు. పైకి అప్పీలు పెడితే అదీ పోయింది. చెంగల్రాయుడు ఇటుక బట్టీలో మన్ను తొక్కడానికి చేరాడు. ఎస్.ఈ. ఒక మెట్టు ఎక్కాడు, ఇంకో మెట్టు ఎక్కాడు, చీఫ్ ఇంజినీరయ్యాడు.

ఆయన తిరుత్తణిలో కొండ దిగువ వీధిలో చిన్న ఇంట్లో కాపురమున్నారు. పాండూరు దగ్గర ఉన్న కాస్త భూమి కౌలుకిచ్చి బతికారు. వానాకాలం ఆయనకు గడిచేది కాదని వాళ్లింటామె చెప్పేది. మబ్బు పడితే చాలు, గొడుగు పట్టుకుని కొండ మెట్లెక్కేవారు. గుడిదాకా పోయేవారు కాదు. సగంలో ఒక మలుపు దగ్గర నిలబడితే చుట్టుపట్ల చెరువులన్నీ కనిపిస్తాయి. అవి చూసి దిగి వచ్చేసేవారు.

ఒక కృత్తిక నాడు నేను కొండ మీద స్వామిని చూడబోయినప్పుడు తుంపర పడుతోంది. ఆ మలుపులోనే కనిపించారు.

"పైకి రారా సార్?"

"స్వామిని చూసేదానికి ఏముందయ్యా, ఆయన బాగానే ఉంటాడు. ఆ పక్క చెరువు చూడు, మొరవ పోతా ఉంది. కట్ట మీద ఒకడు కూడా లేడు."

పక్కన కూర్చున్నాను. పొట్లం నా వైపు జరిపారు. ఎన్నాళ్లుగానో అడగాలనుకున్నది అప్పుడు అడిగేశాను.

"సార్, ఆ పొద్దు ఎస్.ఈ.కి తెలవకనే పూడ్చమంటిరా?"

అద్దాలు తీశారు. చాలాసేపు తుడిచారు.

"అడిగినా. ట్రంకాలు వేసి అడిగినా."

"ఏమన్నాడు?"

"పాత్తు సెయ్యుంగ, అన్నాడు." చూసి చెయ్యండి అని.

నాకు నెత్తిన పిడుగు పడ్డట్టయింది. "ఈ మాట విచారణలో చెప్పలేదే సార్!"

"చెయ్యమని అన్లేదు కదయ్యా. చూసి చెయ్యమన్నాడు. చూసింది నేను. నాకు సరిగా కనపళ్లేదు. దానికి ఆయన్నెట్ల పట్టుకుంటా?"

ఆఫీసులో నేను ఆయన ముందు గొంతెత్తింది లేదు. ఆ రోజు మెట్ల మీద పోయేవాళ్లు ఆగి చూసేట్టు అరిచాను.

"ఆయన పేరు చెప్పుంటే ఫైలు పైకి పోయుండు సార్! పైకి పోతాదని భయపడి మూసేసుండురు. చెంగల్రాయుడి ఉద్యోగం నిలిచుండు. మీ మనసుకు మచ్చ అంటకూడదు, అంతే మీకు. దానికి వాడు బట్టీలో మన్ను తొక్కతా ఉండాడు!"

ఆయన కోప్పడలేదు. కాయ ఒలిచి గింజలు నోట్లో వేసుకోకుండా అరచేతిలోనే పెట్టుకుని చూస్తూ కూర్చున్నారు.

"నిజమే. వాని ముందర నాకు తల లేవదు. అయితే వాణ్ని కాపాడేదానికి అనని మాట ఇంకొకరి నోట్లో పెట్టేదానికి లేదు."

"అనని మాట కాదు సార్. అన్న మాటే!"

ఆయన లేచారు. తొక్కలు జేబులో వేసుకుని, గొడుగు నా చేతిలో పెట్టి, తడుస్తూ మెట్లు దిగిపోయారు. ఆ తర్వాత నేను ఆయన్ను చూడలేదు. గొడుగు మా ఇంట్లోనే ఉంది.

ఇదీ నా తగాదా. నలుగురు పెద్ద అధికారుల్లో ఒక్కడు తప్పు నాది అంటే, మిగతా ముగ్గురికీ అది సెలవు చీటీ అయిపోతుంది. మంచివాడి మంచితనాన్ని కూడా చెడ్డవాళ్లే వాడుకుంటారు. ఇంత తెలివైన మనిషికి అది ఎందుకు తెలియలేదు? తెలిసీ అట్లాగే ఉన్నారా? రైలు తిరుత్తణిలో ఆగేదాకా ఇదే నా గొణుగుడు. ఎదురుగా చెంగల్రాయుడు కిటికీలోంచి చెరువులు చూస్తూ కూర్చున్నాడు.

ఇంటి ముందు పందిట్లో ఆయన్ను పడుకోబెట్టారు. అద్దాలు లేని మొహం ఆయనది కానట్టే ఉంది. వాళ్లింటామె నన్ను చూసి, "మీ సారు చొక్కాలు ఇంక నేను ఉతకనక్కర్లేదప్పా," అని గట్టిగా ఏడ్చింది. అప్పుడు నాకూ ఏడుపు ఆగలేదు. వచ్చినవాళ్లు పట్టుమని వీధెడు మంది కూడా లేరు. మా శాఖవాళ్లలో నేను తప్ప ఎవరూ కనబడలేదు.

పాడె కడుతుండగా కారు వచ్చి ఆగింది. చీఫ్ ఇంజినీరు దిగాడు, ఆ పాత ఎస్.ఈ. పెద్ద గులాబీ దండ వేశాడు. నిలబడి అందరూ వినేట్టు నాలుగు మాటలు చెప్పాడు. ఇలాంటి మనిషి మా శాఖలో మళ్లీ పుట్టడు, బాధ్యత అంటే ఏమిటో మాకందరికీ చూపించిపోయాడు అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు కూడా. పక్కన ఎవరో తల ఊపారు. నా పళ్లు పటపటలాడాయి గానీ చావింట్లో ఏమనగలం?

చెంగల్రాయుడు జనం వెనక నుంచి ముందుకు వచ్చాడు. బట్టీ మన్ను చారలు ఇంకా పోని చేతులు కట్టుకుని, చీఫ్ ఎదురుగా నిలబడి, మర్యాదగా అరవంలో అడిగాడు.

"సార్, ఆ పొద్దు ట్రంకాలులో మా అయ్యకు పాత్తు సెయ్యుంగ అని చెప్పినది మీరే కదా?"

చీఫ్ కనుబొమలు ముడిపడ్డాయి. "ఎవరప్పా నువ్వు?"

"చేసినోణ్ని సార్."

పాడె కడుతున్నవాళ్లు తలలెత్తి చూశారు. చెంగల్రాయుడు గొంతు పెంచలేదు.

"చేసినోణ్ని నేను. చెప్పినాయన అదో, పండుకోని ఉండారు. ఇద్దరమూ తప్పు మాదని చెప్పేసినాం. మీరింకా చెప్పలేదు సార్."

చీఫ్ మొహంలోకి నెత్తురు ఎక్కింది, దిగింది. చుట్టూ చూశాడు. "పాపం, దుఃఖంలో ఉన్నాడు," అని ఎవరితోనో అని, చెంగల్రాయుడి భుజం మీద చెయ్యి వెయ్యబోయి, వెయ్యకుండా వెనక్కి తీసుకున్నాడు. కారు తలుపు పడింది. వీధి మలుపు తిరిగేదాకా మేమందరమూ ఆ కారునే చూస్తూ నిలబడ్డాము.

నేను చెంగల్రాయుణ్ని పక్కకు లాగాను. "నీకెట్ల తెలుసురా ఆ మాట?"

"ఆ పొద్దు నేను వరండాలోనే ఉంటి కదన్నా. అయ్య ట్రంకాలు మాట్లాడితే వినపడేదానికి పక్కనుండాల్నా? ఆయన అన్న మాటంతా ఈయన తిరిగి చెప్తానే ఉన్నారు."

"ఇన్నేళ్లూ తెలిసి, విచారణలో ఎందుకు చెప్పలేదు? నీ ఉద్యోగం కదా పోయింది!"

చెంగల్రాయుడు పందిరి వైపు చూశాడు. పాడె ఎత్తడానికి మనుషుల్ని పిలుస్తున్నారు.

"చెప్పబోయినా అన్నా. మొదటి విచారణ పొద్దే, లోపలికి పిలిచే ముందర, చెప్తానంటి. అయ్య నా చెయ్యి పట్టుకోని, వద్దప్పా, చూసింది నేను అన్నారు. ఆయన ముందర ఆయన మాట కొట్టేసేదానికి నాకి నోరు రాలేదు." తువ్వాలు భుజం మీద సర్దుకున్నాడు. "అందుకే ఆయన పొయ్యేదాకా ఆగినా."

అని, పాడె వెనక కొమ్ము పట్టుకోవడానికి వెళ్లాడు.